ముందు చక్రాల కింద చూడు

చిరంజీవి అమ్మలుకి పెద్దమామయ్య ఆశీస్సులు.

జైత్రరథాల (విజయోత్సవ ఊరేగింపు రథాల) పాత యూరప్ ప్రింట్ల మీద పేపర్ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. రథం మీద కూర్చున్నదెవరో తర్వాత చూసుకోవచ్చు. ముందు దాన్ని ఏ జంతువు లాగుతోందో, చక్రాల కింద ఎవరు పడ్డారో చూడు.

14వ శతాబ్దంలో ఇటలీ కవి పెట్రార్క్ రాసిన ‘విజయాలు’ కావ్యంలో ప్రేమను శీలం, శీలాన్ని మృత్యువు, ఆపైన కీర్తి, కాలం, నిత్యత్వం వరసగా గెలుస్తాయి. కవి రథమెక్కించింది ప్రేమదేవుణ్ణి ఒక్కణ్ణే. మిగతావాళ్లకి బండ్లు కట్టింది బొమ్మలు వేసినవాళ్లు. శీలానికి ఒంటికొమ్ము గుర్రాలు, ఎందుకంటే అవి కన్యకు తప్ప ఇంకెవరికీ చిక్కవని అక్కడి నమ్మకం. కాలానికి పరుగెత్తే దుప్పులు. కీర్తికి ఏనుగులు. (రోమ్‌లో పాంపే అనే సేనాని నిజంగానే ఏనుగుల రథం మీద ఊరేగబోతే కోటగుమ్మం ఇరుకై గుర్రాలకు మారాల్సి వచ్చిందని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నాకు భలే ఇష్టమైన కథ.)

మృత్యువు బండిని ఇటలీలోని ఫ్లోరెన్స్ ఎన్‌గ్రేవింగుల్లో (రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మల్లో) నల్లటి ఎడ్లో దున్నలో లాగుతాయి. పైన కొడవలి పట్టిన అస్థిపంజరం, కింద మతగురువులైన పోపులూ రాజులూ సామాన్యులూ కలగాపులగంగా. చదువుకునే రోజుల్లో నేను దున్నను చూడగానే యముడంటూ రెండు పేజీలు రాసేశాను. మా గైడు రెండిటినీ ఎర్రసిరాతో కొట్టేశారు. నువ్వా పని చెయ్యకు.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ గీసిన మాక్సిమిలియన్ చక్రవర్తి మహారథం దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చో. అది రాగిరేకు మీద చెక్కింది కాదు, 8 చెక్కదిమ్మెల ఉడ్‌కట్. అచ్చయింది 1522లో, చక్రవర్తి పోయింది 1519లో! ఆ రథం ఏ వీధిలోనూ తిరగలేదు. 12 గుర్రాలు, పగ్గాల మీద ‘కులీనత’, ‘అధికారం’, చక్రాల మీద ‘కీర్తి’, ‘గౌరవం’ లాంటి పేర్లు, సారథి స్థానంలో వివేకం. గొడుగు పైన సూర్యుడు, పక్కనే ఆకాశంలో సూర్యుడెలాగో భూమ్మీద చక్రవర్తి అలాగని లాటిన్‌లో రాత. ఇంత పొగడ్త నాకైతే వెగటే, కానీ ఆ గీత పనితనం ముందు నోరు మెదపలేం.

ఇంకో మాట. బండి ఎడమకు పోతోందా, కుడికా అని అర్థాలు లాగకు. ఒకరి ప్రింటు చూసి ఇంకొకరు రేకు మీద ఉన్నదున్నట్టు చెక్కితే అచ్చులో తిరగబడుతుంది. కంసాలులు నమూనాగా వాడుకున్న పొడవాటి పట్టీల్లాంటి అలంకార బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది.

నా పాత భూతద్దం మీ నాన్న చేత పంపుతున్నాను. పిడి కాస్త వదులైంది, జాగ్రత్త.

మామయ్య