ఘాట్ రోడ్డులో డ్రైవింగ్ తీరును గుర్తించాలంటే

చిరంజీవి నాయనకు,
పెదనాయన ఆశీస్సులు.

తిరుమల ఘాట్ రోడ్డులో డ్రైవింగ్ తీరును మెషీన్ లెర్నింగ్‌తో గుర్తించే ప్రాజెక్టు తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమైంది. ఏ మోడల్ వాడాలని టెన్షన్ పడకు. రాండమ్ ఫారెస్ట్‌తో, అంటే చాలా నిర్ణయ వృక్షాల ఓట్లు కలిపి తేల్చే పద్ధతితో, మొదలుపెట్టు, చాలు.

అసలు తిప్పలు డేటాలో ఉంటాయి. కిందికి దిగే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఎంత నిదానస్తుడు నడిపినా అక్కడ ఫోన్‌లో తిరుగుడును కొలిచే జైరోస్కోప్ గ్రాఫ్ ఎగిరిపడుతుంది. చదునుగా ఉండే తిరుచానూరు రోడ్డు డేటాతో నేర్పిన మోడల్ ఘాట్‌లో ప్రతివాడినీ దూకుడుగాడే అంటుంది. పైగా వాలు నూటికి పది ఉంటే, బండి ఒకే వేగంతో దిగుతున్నా వేగం మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ గురుత్వంలో దాదాపు పదోవంతు చూపిస్తుంది. బ్రేక్ ముట్టకపోయినా బ్రేక్ వేసినట్టే ఉంటుంది! ఆ వాలు ప్రభావాన్ని ముందు తీసెయ్. ఫోన్‌ను డ్యాష్‌బోర్డుకు గట్టిగా బిగించు, జేబులో మాత్రం పెట్టుకోవద్దు.

ఆ తర్వాత ఒకే మలుపులో వేర్వేరు డ్రైవర్లను పోల్చి చూడు. పనితనం ఉన్నవాడు మలుపు రాకముందే వేగం తగ్గించి, తక్కువ గేరులో దిగుతాడు. తొందరపడేవాడు మలుపు లోపల బ్రేక్ తొక్కుతాడు, ముందుకూ పక్కకూ కుదుపు ఒకేసారి కనిపిస్తుంది. సరాసరి వేగంలో ఇది దొరకదు. గబగబా దిగి చివర్లో పక్కన ఆపుకున్నవాడికీ, నెమ్మదిగా వచ్చినవాడికీ టోల్‌గేటు దగ్గర లెక్కకొచ్చే సమయం ఒకటే కదా.

పరీక్షకు పెట్టే డ్రైవర్లు శిక్షణ డేటాలో అసలు ఉండకూడదు. ఒకే ప్రయాణంలోని ముక్కలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడితే మోడల్ మనిషినీ బండినీ బట్టీపడుతుంది, మార్కులు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి. స్పెయిన్‌లోని అల్కాలా విశ్వవిద్యాలయం 2016లో ఇచ్చిన డేటాసెట్‌లో ఆరుగురు డ్రైవర్లున్నారు, మామూలుగా, నిద్రమత్తుగా, దూకుడుగా నడిపిన ప్రయాణాలతో. ఒక్కోసారి ఒక్కో డ్రైవర్‌ను పరీక్షకని పక్కనపెట్టి దానిమీద సాధన చెయ్యి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా నాయనా. దూకుడు డేటా కావాలని ఎవరిచేతా ఘాట్‌లో వేగంగా నడిపించొద్దు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. ఎంతమంది పోయారో నీకూ తెలుసు. సహజంగా దొరికినదే తీసుకో, తక్కువైనా పర్వాలేదు.

లేబుళ్లు, అంటే ఏది దూకుడో ఏది మామూలో చెప్పే గుర్తులు, నువ్వొక్కడివే వేయకు. కొండమీదికి బస్సులు నడిపే ఆర్టీసీ డ్రైవర్లకు మలుపుల వీడియోలు చూపించి, ఇద్దరు ముగ్గురి చేత విడివిడిగా వేయించు. వాళ్ల మాట కలవని చోట్లను వేరే రాసిపెట్టుకో. సెలవులకొచ్చినప్పుడు అవే ముందు చూద్దాం.

మీ పెదనాయన