‘చేద్దాం’ అంటే ఎవరు చేస్తారు?

ఆఫీసు చిక్కుల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూడు నెలల క్రితం 12 మంది ఉన్న టీమ్‌కి నన్ను లీడర్‌ని చేశారు. అంతకుముందు నేనూ వాళ్లలో ఒకణ్నే. మీటింగ్‌లో అన్నిటికీ తలూపుతారు. వారం పోయాక చూస్తే సగం పనులు మొదలే కావు. అడిగితే ‘ఆయన చూస్తున్నారనుకున్నానండీ’ అంటారు. చివరికి రాత్రి కూర్చుని నేనే పూర్తి చేస్తున్నాను. వీళ్లలో శ్రద్ధ పుట్టించడం ఎలా?

జవాబు: శ్రద్ధ సంగతి తర్వాత. ముందు పోయిన మీటింగ్‌లో రాసుకున్న కాగితం తీయండి. ‘క్లయింట్‌తో మాట్లాడదాం’, ‘ఆ లెక్కలు ఒకసారి చూద్దాం’, ‘త్వరగా చేద్దాం’ లాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ‘చేద్దాం’ మర్యాదైన మాటే. కానీ అందులో కర్త ‘మనం’. పన్నెండు మంది ఉన్న గదిలో ‘మనం’ అంటే ఎవరికి వారు పక్కవాళ్లనే అనుకుంటారు.

అందుకే ప్రతి పనికీ ఒకే పేరు రాయండి. సాయం పట్టేవాళ్లు నలుగురైనా ఉండొచ్చు, జవాబు చెప్పాల్సింది ఒక్కరే. ఇద్దరి పేర్లు రాశారంటే ఎవరి పేరూ రాయనట్టే. పేరు పక్కన గడువు, ఏం కనబడితే పని అయినట్టో కూడా ఉండాలి. ‘లెక్కలు చూడాలి’ అని కాదు, ‘గురువారం సాయంత్రం 4 కల్లా మూడు విభాగాల అంకెలు ఒకే షీట్‌లోకి ఎక్కించి, తేడా వచ్చిన చోట్ల గుర్తు పెట్టి పంపాలి’ అని. మీటింగ్ చివరి 5 నిమిషాలు దీనికే ఉంచండి. ఎవరి పని ఏమిటో మీరు చదవొద్దు, వాళ్లచేతే చెప్పించండి. మీరు చెప్పినదానికీ వాళ్లకు అర్థమైనదానికీ ఉన్న తేడా అక్కడే బయటపడుతుంది.

రెండోది, మీ టీమ్ పెద్దది. 12 మందిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 66. ఆరుగురిలో 15 మాత్రమే. పనిని బట్టి ఆరుగురేసి రెండు గుంపులు చేసి, ఒక్కో గుంపు నుంచి ఒకరు రెండో గుంపుతో మాట్లాడే ఏర్పాటు పెడితే 66 కాస్తా 31కి దిగుతుంది. గుంపు పెద్దదైతే ఒక్కొక్కరి జోరూ తగ్గుతుంది. రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషులచేత బరువు లాగించి కొలిచి, 1913లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి బలం, ఒంటరిగా లాగినదాంట్లో సగానికి వచ్చింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణం. అదొక్కటే కాదని 1974 నాటి ప్రయోగంలో తేలింది. కళ్లకు గంతలు కట్టి, వెనక ఇంకా మనుషులు లాగుతున్నారని నమ్మిస్తే చాలు, ఒంటరిగా లాగుతున్న మనిషి కూడా జోరు తగ్గించాడు. వాళ్లంతా సోమరులేం కాదు. తన వాటా విడిగా కనబడదనుకున్న చోట ఎవరి చెయ్యైనా సడలుతుంది.

ఇక రాత్రి కూర్చుని మీరే పూర్తిచేయడం. ఇది వెంటనే ఆపాలి. గడువు దాటినా పని మీ బల్ల మీదికి వచ్చి చేరుతుందని వాళ్లకు నేర్పింది మీరే. అసంపూర్తిగా వచ్చిన పనిని అందుకోకుండా ‘ఎక్కడ ఆగింది?’ అని అడగండి. జవాబు సాధారణంగా మూడింట్లో ఒకటి. పని రాదంటే పక్కన కూర్చోబెట్టి ఒకసారి చేసి చూపించాలి. టైమ్ లేదంటే చేతిలో ఉన్నవాటిలో ఏది పక్కనపెట్టాలో మీరు తేల్చాలి. ఇంకొకరి నుంచి రావాల్సింది రాలేదంటే ఫోన్ చేయాల్సింది మీరు. మూడింటికీ ‘కాస్త సీరియస్‌గా తీసుకోండి’ అనే మందు వేస్తే ఒక్కటీ తగ్గదు. అయిదు రోజుల పనైతే రెండో రోజే, ఎంత వికారంగా ఉన్నా, అయినంతవరకు చూపించమనండి. అయిదో రోజు దొరికే తప్పుకు దిద్దుబాటు ఉండదు.

తలూపడం గురించి. ‘సందేహాలున్నాయా?’ అని అడిగితే మౌనమే వస్తుంది. ‘ఈ పని చెడిపోయిందనుకోండి, ఎక్కడ చెడి ఉంటుంది?’ అని అడిగి, 3 నిమిషాలు మాట్లాడకుండా కాగితం మీద రాయమనండి. తర్వాత కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి చదివించండి, మీరు ఆఖరున మాట్లాడండి. లీడర్ అభిప్రాయం ముందే తెలిస్తే మిగతావాళ్లు దానికే సర్దుకుంటారు. ఎవరైనా చెడ్డ కబురు చెబితే మీ మొదటి మాట ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ కాకూడదు. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆస్పత్రి వార్డులను పరిశీలిస్తే, బాగా కలిసి పనిచేసే వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడి వాళ్లు దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె తేల్చారు.

నిన్నటి స్నేహితులతో ఇవాళ లీడర్‌గా మెలగడం ఇబ్బందే. ఒక్కొక్కరితో రెండు వారాలకోసారి 30 నిమిషాలు విడిగా కూర్చోండి. మొత్తం ఆరు గంటలు. పని ఎంతవరకొచ్చిందో ఆ అరగంటలో అడగొద్దు, దానికి పేర్లూ గడువులూ రాసుకున్న కాగితం ఉంది. ఏది అడ్డుపడుతోందో అడిగి, అందులో ఒక్కటైనా మళ్లీ కలిసేలోగా తొలగించండి.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు రెండు నెలలు వెనకబడింది. ఆరుగురం ఉన్నాం. ఇంకో నలుగుర్ని ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: గడువు దగ్గరపడితే వద్దు. ఐబీఎమ్‌లో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఇప్పుడు పని లాగుతున్నవాళ్లే. అంటే మొదటి వారాల్లో ఉన్న వేగమూ పోతుంది. మాట్లాడుకోవాల్సిన జతలు 15 నుంచి 45 అవుతాయి.

మిగిలిన పనిని ఒక్కోటి రెండు రోజులకు మించని ముక్కలుగా రాయండి. అలా ముక్కలు కానిది ఏదైనా ఉంటే, అదేమిటో ఇంకా ఎవరికీ తెలియదని అర్థం, ఆలస్యం సాధారణంగా అక్కడే దాక్కుంటుంది. తర్వాత ఏది వదిలేయొచ్చో తేల్చి, గడువును ఒకేసారి సరిపడా జరపండి. వారం వారం జరిపితే ఏ తేదీనీ ఎవరూ నమ్మరు. పరీక్షించడం, డేటా ఎక్కించడం లాంటి విడదీయగల పని నిజంగా ఉంటే ఇద్దర్ని తీసుకోండి. వాళ్లకు నేర్పే మనిషి సొంత పని రెండు వారాలు సగానికి తగ్గించండి. తగ్గించలేమంటే ఆ ఇద్దరూ వద్దు.

ప్రశ్న: టీమ్‌లో ఐకమత్యం కోసం అందర్నీ ఒకరోజు బయటికి తీసుకెళ్తే ఫలితం ఉంటుందా?

జవాబు: సరదా ఉంటుంది, తప్పేం లేదు. సెలవు రోజున మాత్రం పెట్టకండి, రానివాళ్ల పేర్లు రాసుకోకండి. పని పంపకంలో అన్యాయం జరిగిందని ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారనుకోండి, తాడు లాగే ఆటలో వాళ్లని ఒకే వైపు నిలబెట్టినంత మాత్రాన మర్నాటికి ఆ పంపకం మారదు. ముందు అది సరిచేసి, తర్వాత బయల్దేరండి.