సమాధానం: మొరాకో ఎలా ముందుకెళ్లింది?

2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో మొరాకోను 6-0తో ఓడించిన జర్మనీ గ్రూప్ దశలోనే ఇంటికెళ్తే, మొరాకో నాకౌట్‌కు ఎలా వెళ్లిందని మీరు అడిగారు. పాయింట్ల పట్టికలో పొరపాటేమీ లేదండీ. మీరు ముందే గోల్ తేడా (చేసిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే వచ్చేది) చూస్తున్నారు, అక్కడే చిక్కు.

గ్రూప్‌లో మొదటి రెండు జట్లే ముందుకెళ్తాయి. దానికి మొదట చూడాల్సింది పాయింట్లు. గెలిస్తే మూడు, డ్రా అయితే ఒకటి. ఆరు గోల్స్‌తో గెలిచినా అవే మూడు. మొరాకో ఆ ఓటమి తర్వాత దక్షిణ కొరియాను, కొలంబియాను 1-0తోనే ఓడించి 6 పాయింట్లు చేసింది. జర్మనీ కొలంబియా చేతిలో 97వ నిమిషంలో గోల్ ఇచ్చి 2-1తో ఓడింది, కొరియాతో 1-1 డ్రా. మొత్తం 4. కాబట్టి జర్మనీ ప్లస్ 5, మొరాకో మైనస్ 4 అన్న లెక్క దాకా పోనే లేదు.

గోల్ తేడా పనికొచ్చింది కొలంబియాకు. వాళ్లకూ 6 పాయింట్లే, ప్లస్ 2 ఉంది కాబట్టి గ్రూప్‌లో మొదటి స్థానం. జర్మనీ కొరియాతో ఆ చివరి మ్యాచ్ గెలిచి ఉంటే మాత్రం మూడు జట్లకూ 6 పాయింట్లయ్యేవి, మొరాకో మైనస్ 4తో బయటికి పోయేది.

అందుకే పెర్త్‌లో తమ మ్యాచ్ అయిపోయినా మొరాకో అమ్మాయిలు మైదానం వదల్లేదు. ఒక ఫోన్ చుట్టూ మూగి, బ్రిస్బేన్‌లో ఇంకా సాగుతున్న జర్మనీ మ్యాచ్ చూస్తూ నిలబడ్డారు. విజిల్ పడగానే ఏడుస్తూ ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఆ వీడియో దొరికితే తప్పకుండా చూడండి, నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.