ప్రాక్టీసు మానేయకండి, ముందు సార్‌తో మాట్లాడండి

తమ్ముడూ, మోకాలు నొప్పి అన్నా కోచ్ వినకుండా అందరి ముందు తిట్టారని, కబడ్డీ టీం మొత్తం ప్రాక్టీసు మానేద్దామంటోందని రాశావు. మానేయకండి. చిత్తూరులో చదివేటప్పుడు మేమూ అలాగే 4 రోజులు గ్రౌండుకు పోలేదు. అసలు గొడవ పక్కకు పోయి మా క్రమశిక్షణ గురించే చర్చ జరిగింది. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

ముందు తిరుపతి రుయా ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించి, ఎన్ని రోజులు విశ్రాంతి కావాలో చీటీ మీద రాయించుకో. నొప్పితోనే రెయిడ్‌కు వెళ్ళి లిగమెంటు తెగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. కబడ్డీలో కోర్టులో 7 మంది ఉంటే బయట సబ్‌స్టిట్యూట్లు ఉంటారు కదా, నీ బదులు ఒకరిని దింపొచ్చు. సాయంత్రం అందరూ వెళ్ళాక కెప్టెన్‌ను తోడు తీసుకుని సార్‌కు ఇదే చెప్పు. నలుగురి ముందు కాకపోతే ఆయనా వింటారనే నా నమ్మకం. అప్పటికీ తిట్లే వస్తే చీటీ జతచేసి ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసివ్వండి, కాపీ దగ్గర పెట్టుకోండి.