తొక్కడం ఇష్టమా, చేయడం ఇష్టమా?

హనుమకొండ నుంచి ఒక తల్లి ఇలా రాశారు: "మా అబ్బాయి బీటెక్ మెకానికల్ ఫైనలియర్. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, చేరనంటున్నాడు. మనిషి కొలతలు తీసుకుని ఆ మనిషికి సరిపోయే సైకిల్ ఫ్రేము తన చేత్తో చేసి ఇస్తాడట. రెండేళ్లుగా వాడికి సైకిలే లోకం. శనివారం రాత్రి వెళ్తే ఆదివారం సాయంత్రానికి వస్తాడు, మూడొందల కిలోమీటర్లు తొక్కానంటాడు. 'ఇంత చదివించింది సైకిల్ షాపు పెట్టుకోవడానికా' అని వాళ్ల నాన్న అడిగినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నాకు నిద్ర పట్టడం లేదు. అసలు ఇది ఒక పనేనా సార్? దీని మీద బతకొచ్చా?"

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు వెంటనే చెప్పేస్తాను. ఇది పనే. ఇటలీ, ఇంగ్లండ్, జపాన్‌లలో తరాలుగా సాగుతున్న పని. షాపులో సైకిళ్లు నాలుగైదు సైజుల్లో దొరుకుతాయి. కాళ్లు పొడుగ్గా ఉండి నడుము పొట్టిగా ఉన్నవాళ్లకి, వెన్నునొప్పి ఉన్నవాళ్లకి, బాగా పొట్టివాళ్లకి వాటిలో ఏదీ సరిగ్గా కుదరదు. రోజుకు పది కిలోమీటర్లు తొక్కేవాళ్లయితే ఎలాగో సర్దుకుంటారు. మూడొందలు తొక్కేవాళ్లకు మెడ, మోకాళ్లు, అరచేతులు పట్టేస్తాయి. అలాంటివాళ్లు కొలతలిచ్చి చేయించుకుంటారు, దర్జీ దగ్గర చొక్కా కుట్టించుకున్నట్టు.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మీకు ఒక రోజు గురించి చెప్పాలి. ఈ పని చేసే ఒకాయన షెడ్డు బాలానగర్ వైపు ఉంది. పదకొండేళ్లు ఆటో విడిభాగాల కంపెనీలో డిజైన్ విభాగంలో చేసి బయటికొచ్చారు. పోయిన ఏడాది ఇంకో విద్యార్థి కోసం వెళ్లి ఆయన పక్కన ఒక రోజంతా కూర్చున్నాను. మీ అబ్బాయి కోరుకుంటున్నది ఆ రోజునే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఆయన తెల్లవారుజామున అయిదింటికి సైకిల్ తీస్తారు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబరులో మొదలైంది, దాని మీద ఒక విడత తొక్కి ఏడుకల్లా ఇంటికొస్తారు. తొమ్మిదిన్నరకు షెడ్డు తీశారు. ఆ రోజు ఒక డాక్టరమ్మ ఫ్రేము పని. ఆమె ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. కొన్న సైకిల్‌లో హ్యాండిల్ తిప్పితే ముందు చక్రం బూటు కొసకు తగిలేదట, ట్రాఫిక్‌లో మెల్లగా మలుపు తిరుగుతూ రెండుసార్లు పడ్డారు. అందుకని ఈయన చక్రాలు ఒక సైజు తగ్గించి, ముందు గొట్టాన్ని ఒక డిగ్రీ వాల్చి, బొమ్మ కంప్యూటర్‌లో గీసుకున్నారు. ఆ బొమ్మకే మూడు సాయంత్రాలు పట్టిందన్నారు.

ఇక గొట్టాలు. క్రోమోలీ, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు. చివర్లలో 0.8 మిల్లీమీటర్ల మందం, మధ్యలో 0.5. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. అతుకు పడేచోట బలం కావాలి, మిగతా చోట బరువు తగ్గాలి. ఈ పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లోనే పేటెంట్ తీసుకున్నారు, ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఒక గొట్టం కొస ఇంకో గొట్టం ఒంపు మీద కూర్చోవాలంటే దాన్ని చేప నోరులా కోయాలి. ముప్పాతిక పని మెషీన్ చేస్తుంది, మిగతాది ఆకురాయితోనే. గొట్టాన్ని కదలకుండా పట్టే వైస్‌లో బిగించి నాలుగు సార్లు రాస్తారు, విప్పి రెండో గొట్టానికి ఆనించి లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తారు. సందులోంచి వెలుగు కనబడితే మళ్లీ వైస్‌లోకి. ఒక్క గొట్టం, ఒక్క కొస. నేను గడియారం చూశాను, యాభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

భోజనాలయ్యాక గ్యాస్ వెలిగించారు. ఇది మామూలు వెల్డింగ్ కాదమ్మా. ఇందులో స్టీలు కరగదు. దాన్ని ఎర్రగా కాల్చి, ఇత్తడి కడ్డీ ఆనిస్తే, ఆ ఇత్తడి కరిగి అతుకులోకి పారుతుంది. మన కంసాలి టంకం పెట్టే ముందు వెలిగారం రాస్తాడు చూడండి, ఇక్కడా అలాంటి ఫ్లక్సే పూస్తారు. స్టీలు దాదాపు 900 డిగ్రీలకు రావాలి. ఎంత కాలిందో రంగు చూసే తెలుసుకోవాలి. ముదురెరుపు చాలదు, నారింజకు తిరగాలి. అది దాటితే ఇత్తడిలోని జింకు మరిగి తెల్లటి పొగ లేస్తుంది, పలచటి గొట్టం దెబ్బ తింటుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందుకే ఆయన తల పక్కనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకున్నారు. కళ్లకు వేరే రకం అద్దాలు, ఎందుకంటే ఫ్లక్స్ నుంచి వచ్చే పసుపు మంటలో అతుకు కనబడదు.

నాలుగింటికి అతుకును వేడినీళ్ల తొట్టిలో నానబెట్టి, గాజులా గట్టిపడిన ఫ్లక్స్‌ను వదిలించారు. తర్వాత చదునైన ఇనుప బల్ల మీద బిగించి కొలిస్తే ఒక మిల్లీమీటరు పక్కకు లాగింది. వేడికి స్టీలు లాగుతుంది, అది అందరికీ జరిగేదే. దాన్ని సరిచేసేసరికి చీకటి పడింది. ఈలోపు ఏడెనిమిది ఫోన్లు. రంగు వేసే చోట ఆలస్యం, కస్టమ్స్‌లో ఆగిపోయిన పార్సిల్, ఇంకా ఎన్నాళ్లని అడిగే కస్టమర్.

ఆ రోజు ఆయన సైకిల్ మీద గడిపింది పొద్దున రెండు గంటలు. మిగతా తొమ్మిది గంటలూ వైస్ ముందు, మంట ముందు, ఫోన్‌లో. మీ అబ్బాయి విషయంలో నాకున్న ఒకే ఒక్క సందేహం ఇక్కడే ఉందమ్మా. మీరు రాసినదాన్ని బట్టి అతనికి తొక్కడమంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. చేయడం కూడా అంత ఇష్టమా అన్నది మీ ఉత్తరంలో లేదు. బహుశా అతను ఇంకా తెలుసుకోలేదు.

ఈ రెండింటినీ ఒకటనుకుని నేనే ఒకసారి పొరపాటు చేశాను. చాలా ఏళ్ల కింద ఒక కుర్రవాడికి మోటారు సైకిళ్లంటే పిచ్చి. ఇంకేం, ఆటోమొబైల్ ఇంజినీరింగ్ తీసుకోమన్నాను. రెండో ఏడాది వచ్చి, "సార్, నాకు బండి నడపడం ఇష్టం, విప్పడం కాదు" అన్నాడు. అప్పటికి రెండేళ్లు అయిపోయాయి, వాళ్ల నాన్న తెచ్చిన అప్పు అలాగే ఉంది. అప్పటి నుంచి ఎవరైనా ఒక వస్తువు మీద ప్రేమతో వస్తే, దాన్ని వాడటం ఇష్టమా, తయారు చేయడం ఇష్టమా అని ముందు అడుగుతాను.

ఇక డబ్బు సంగతి. షెడ్డులో ఆయనే చెప్పారు, ఒక్కడే చేస్తే నెలకు రెండు ఫ్రేములు మించవని. గొట్టాల ధర, దిగుమతి పన్ను, గ్యాస్, రంగు, అద్దె పోగా ఆ రెండింటితో ఇల్లు గడవదు. విరిగిన ఫ్రేములు బాగుచేయడం, చక్రాలు కట్టడం, మనిషికి తగ్గట్టు సీటు, హ్యాండిల్ అమర్చడం, వీటితోనే నెల గడుస్తోందన్నారు. విదేశాల్లోనూ చాలామంది ఫ్రేము బిల్డర్లకు పక్కన ఇంకో ఆదాయం ఉంటుంది. జపాన్‌లో 1948లో కైరిన్ అనే సైకిల్ పందేలు మొదలయ్యాయి. వాటిలో మామూలు పందేలకు ఇప్పటికీ స్టీలు ఫ్రేములే వాడాలి, అవి కూడా ఆమోదం పొందిన తయారీదారులు చేసినవే. ఆ నియమం వల్ల అక్కడ చిన్న చిన్న వర్క్‌షాపులకు పని దొరుకుతోంది. మన దగ్గర అలాంటి ఆసరా లేదు. ఇక్కడ కస్టమర్‌ను ఒక్కొక్కరిగా సంపాదించుకోవాలి.

అలాగని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కొల్నాగో అని పేరున్న ఇటలీ సైకిల్ ఉంది. ఆ ఎర్నెస్టో కొల్నాగో పదమూడేళ్ల వయసులో ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనికి చేరి, 1954లో కాంబియాగో అనే సొంత ఊళ్లో చిన్న షాపు పెట్టారు. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం సైకిల్ రేసర్ ఎడ్డీ మెర్క్స్ ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టింది ఈయన చేసిన సైకిల్ మీదే. షాపు పెట్టడానికి ముందు ఇంకొకరి దగ్గర పని నేర్చుకున్న ఏళ్లే మీ అబ్బాయి గమనించాల్సినవి.

వాళ్ల నాన్నగారు అన్న 'సైకిల్ షాపు' మాట గురించి కూడా చెప్పాలి. ఆయన కోపంలో అన్నా, అందులో ఉన్నది బిడ్డ భవిష్యత్తు గురించిన బెంగ. మీ అబ్బాయికి ఆ మాట అవమానంగా తగిలి ఉంటుంది. పంక్చర్లు వేసి ఇల్లు నడిపినవాళ్లు ఎందరో ఉన్నారు, అందులో తలవంపులేమీ లేవు. కానీ ఇతను అడుగుతున్నది వేరే పని, ఆ తేడా నాన్నకు చూపించే పూచీ అతనిదే. వాదించి గెలవలేడు, చేసి చూపించాలి.

శనివారం రాత్రుళ్ల గురించి టెన్షన్ పడకండి అనను, రాత్రి రోడ్డు రోడ్డే. అయితే మీ అబ్బాయి తొక్కేది బీఆర్‌ఎమ్ అనే లాంగ్ రైడ్ అయి ఉంటుంది, అవునో కాదో ఒకసారి అడగండి. అందులో 300 కిలోమీటర్లకు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. రాత్రి లైట్లు, మెరిసే జాకెట్ లేకపోతే తొక్కనివ్వరు. ఒకే సీజన్‌లో 200, 300, 400, 600 పూర్తి చేస్తే సూపర్ రాండన్యూర్ అంటారు. ఈ అలవాటును మాన్పించవద్దు. రేపు అతని దగ్గర ఫ్రేము చేయించుకునేవాళ్లు ఉంటే, అక్కడ అతని పక్కన తొక్కుతున్నవాళ్లే. ఎక్కడ నొప్పి పుడుతుందో వాళ్లతో రాత్రంతా తొక్కినవాడికే అర్థమవుతుంది.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. ఉద్యోగం వదలవద్దు. ఈ విషయంలో నేను వాళ్ల నాన్నగారి వైపే. మంచి వైస్, గ్యాస్ సెట్, కొలిచే ఇనుప బల్ల, ఫ్రేమును పట్టి ఉంచే జిగ్, ఇవన్నీ అప్పు చేసి కొంటే మొదటి ఫ్రేము అమ్మకముందే వడ్డీ మొదలవుతుంది. రెండేళ్ల జీతం ఆ పని చేస్తుంది. ఆఫర్ చేతికొచ్చినా జాయినింగ్ తేదీ రావడానికి ఒక్కోసారి నెలలు పడుతోంది. పరీక్షలయ్యాక దొరికే ఆ ఖాళీని వృథా పోనివ్వకుండా చూడండి.

ఆ నెలల్లో ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. మీ ఊళ్లోనే ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్ దగ్గర కూర్చోమనండి. రాగి గొట్టాలు అతికేది ఇదే పద్ధతిలో, కాకపోతే లోహం వేరు, వేడి తక్కువ. మంట పట్టుకోవడం అక్కడ అలవాటవుతుంది. పాత గ్యాస్ వెల్డింగ్ మేస్త్రీ ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. ఫీజిచ్చి, నమస్కారం పెట్టి నేర్చుకోవాలి, బీటెక్ అన్న సంగతి ఇంట్లో వదిలేసి వెళ్లాలి. ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చాక బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడి షార్ట్ టర్మ్ కోర్సుల్లో తనకు పనికొచ్చేవి ఏమున్నాయో కనుక్కోమనండి. జిగ్ సొంతంగా డిజైన్ చేసుకోగలిగితే అతని మెకానికల్ చదువు వృథా కాలేదని నాన్నకు కూడా తెలుస్తుంది. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని యాష్‌ల్యాండ్‌లో యునైటెడ్ బైసికిల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఫ్రేము తయారీ నేర్పుతారు. మీ అబ్బాయి ఆ పేరు తెచ్చే ఉంటాడు. ఇప్పుడు వద్దు. చేతికి పని అలవాటయ్యాక, సొంత డబ్బుతో వెళ్తే అక్కడి ప్రతి రోజూ ఉపయోగపడుతుంది.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పండి. మొదటి ఫ్రేము తనకే చేసుకోవాలి, కనీసం ఏడాది తనే తొక్కాలి, డబ్బు తీసుకుని ఎవరికీ ఇవ్వకూడదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును మాత్రం మొదట్లో తను చేయకుండా కొనుక్కోవాలి, అది విరిగితే మనిషి మొహం మీద పడతాడు. సైకిళ్లకు ఐఎస్ఓ 4210 అని భద్రతా ప్రమాణం ఉంది, అందులో ఫ్రేము మీద పెడల్ తొక్కే బలం లక్ష సార్లు పెట్టి చూస్తారు. దాన్ని తెచ్చుకుని చదవమనండి. ఇంకొకరి ప్రాణం తన అతుకు మీద ఉంటుందన్న స్పృహ మొదటి రోజు నుంచే ఉండాలి.

అన్నీ చేసి, ఫ్రేములు చేయడం తన వల్ల కాదని తేలినా నష్టమేమీ లేదు. సైకిళ్ల పరిశ్రమ పెద్దది. లూథియానాలో, చెన్నై దగ్గర అంబత్తూరులో డిజైన్, టెస్టింగ్ విభాగాలకు మెకానికల్ ఇంజినీర్లు కావాలి. రాత్రి మూడొందల కిలోమీటర్లు తొక్కి వచ్చిన అనుభవం అక్కడ ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

ఈ ఆదివారం మాత్రం ఒక చిన్న పని చేయించండి. అడుగు పొడవు స్టీలు గొట్టాలు రెండు, ఒక ఆకురాయి, ఒక చిన్న వైస్. కొసను చేప నోరులా రాసి, సందులో వెలుగు కనబడకుండా కూర్చోబెట్టమనండి. ఒక్కటి కాదు, పది కొసలు. మూడోదానికి విసుగొచ్చి సైకిల్ తీసుకుని బయటికి వెళ్లిపోతే మీకు జవాబు దొరికినట్టే, అతన్ని ఏమీ అనకండి. పదోది అయ్యాక కూడా అన్నానికి లేవకపోతే, నాన్నగారిని పిలిచి ఆ పది ముక్కలూ వరసగా పెట్టి చూపించండి. మంట పట్టడం నేర్చుకున్నాక మొదట అతికిన ముక్కను హ్యాక్‌సాతో నిలువుగా కోయాలి, ఇత్తడి లోపలిదాకా పారిందో లేదో అప్పుడే తెలుస్తుంది. కోసిన ఆ ముక్క ఫొటో నాకు పంపమనండి. చూసి మళ్లీ రాస్తాను.