ట్రాన్స్‌ఫర్ మీద కొత్త ఊరు వచ్చాం, దగ్గర్లో ఉన్నది మెథడిస్ట్ చర్చి. క్రిస్మస్‌కి అక్కడ కలవొచ్చా?

సిస్టర్, వందనాలు. మీది ఒంగోలు బాప్టిస్టు కుటుంబం, మీ వారి ట్రాన్స్‌ఫర్ మీద జహీరాబాద్ వైపు వచ్చారు, ఇంటికి దగ్గర్లో ఉన్నది మెథడిస్ట్ చర్చి. డిసెంబర్‌లో కొత్తగా వెళ్తే కలుపుకుంటారా, ఆరాధన ఎలా ఉంటుంది, బీదవాళ్ల కోసం చేసే పనుల్లో మీరూ చేయి వేయొచ్చా అని అడిగారు. మెదక్ చర్చి కూడా మెథడిస్టుదేనా అని చివర్లో ఇంకో మాట అడిగారు. నేను పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ మెథడిస్టే అయినదాన్ని. ఇరవై ఏళ్లు సండే స్కూల్ చెప్పాను, ఇప్పుడు స్త్రీల సమాజంలో ఉన్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు మెదక్ సంగతి. దాన్ని కట్టించింది ఇంగ్లండ్ వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ పాస్నెట్ దొరగారు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మొదలుపెట్టారు. 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠ జరిగింది. 1947లో ఆ వెస్లియన్ సంఘాలు సి.ఎస్.ఐ.లో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిశాయి కాబట్టి మెదక్ ఇప్పుడు సి.ఎస్.ఐ. మనవైపు జహీరాబాద్, వికారాబాద్, బీదర్ సంఘాలు అమెరికన్ మెథడిస్టుల పనిలోంచి వచ్చినవి. ఇవి ఆ కలయికలో చేరలేదు. 1981 నుంచి మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అని సొంతంగా నడుస్తున్నాయి. వేరు ఒకటే, కొమ్మలు రెండు.

ఇక మీ అసలు ప్రశ్న. వెళ్లండి. కాకపోతే క్రిస్మస్ దాకా ఆగకుండా డిసెంబర్ మొదటి ఆదివారమే వెళ్లండి. 25న ఉద్యోగాల మీద బయట ఉన్నవాళ్లంతా ఊరికి వస్తారు, బెంచీలు చాలక వరండాలో చాపలు వేస్తారు, పాస్టర్‌గారికి మిమ్మల్ని పలకరించే తీరిక ఉండదు. అదే అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల కాలం, మొదట్లో వెళ్తే పేరు, ఇల్లు, పిల్లలు అన్నీ అడిగి తెలుసుకుంటారు.

ఆరాధనలో మీకు కొత్తగా అనిపించేవి కొన్ని ఉంటాయి. ప్రభు భోజనపు బల్ల మీద గుడ్డ ఆ నాలుగు వారాలు ఊదా రంగులో ఉంటుంది, క్రిస్మస్‌కి తెలుపు వేస్తారు. ప్రతి ఆదివారం ఒక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. ప్రార్థనలు చాలావరకు ఆరాధన క్రమం ప్రకారం నడుస్తాయి. పాస్టర్‌గారు ఒక వాక్యం, సంఘం ఒక వాక్యం చదువుతారు. మొదటి రెండు వారాలు పేజీ దొరక్క ఇబ్బంది పడతారు, పక్కనున్న ఆవిడని అడగండి, వేలు పెట్టి చూపిస్తుంది. ప్రభు భోజనానికి మీ దగ్గరలా కూర్చున్న చోటికి తేరు, ముందుకి వెళ్లి అల్టర్ దగ్గర మోకరించాలి. వేరే సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్లని మా దగ్గర ఎప్పుడూ వెనక్కి పంపలేదు. చిన్నపిల్లలకి నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇవ్వడం కూడా చూస్తారు. అది మీ సంఘం పద్ధతికి వేరని నాకు తెలుసు. దాని మీద వాదన అక్కర్లేదు, ఎవరూ మిమ్మల్ని అడగరు కూడా. పాటల విషయంలో మాత్రం బెంగ వద్దు. మీ అమ్మగారు వాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే ఇక్కడా ఉంటుంది, నంబర్ చెప్పగానే మీకు రాగం వచ్చేస్తుంది.

డిసెంబర్‌లో రోజులు చాలవు. స్త్రీల క్రిస్మస్, యూత్ క్రిస్మస్, సండే స్కూల్ క్రిస్మస్ అని సెమీ క్రిస్మస్‌లే (పండక్కి ముందు చేసుకునే వేడుకలు) మూడు. మీ పిల్లల్ని మొదటి వారమే సండే స్కూల్‌కి పంపండి, నాటకంలో ఏదో ఒక వేషం దొరుకుతుంది. గొర్రెల కాపరులకి లెక్కలేదు, తలకి ఒక తువ్వాలు, చేతికి ఒక కర్ర ఉంటే చాలు.

కానీ నన్నడిగితే మెథడిస్ట్ క్రిస్మస్ గుండెకాయ క్యారల్సే. పదో తారీకు దాటాక రాత్రి ఎనిమిదింటికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి పన్నెండు, ఒంటిగంట. ఒక డోలక్, ఒక కంజీర, వెదురు బద్దలకి రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టిన స్టార్. కోహీర్, జహీరాబాద్ వైపు చలి మీరు ఒంగోలులో చూసి ఉండరు, పిల్లలకి మంకీ టోపీలు కొనండి. ప్రతి ఇంటి ముందు రెండు పాటలు, ఒక వాక్యం, ఆ ఇంటివాళ్ల పేర్లతో ప్రార్థన. పేర్లతో అన్నది ముఖ్యం. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో, ఎవరి కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడో, ఎవరికి ఈ ఏడు భర్త పోయాడో ఆ గుమ్మంలో నిలబడితేనే తెలుస్తుంది. మా పేట చివర ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. మేం వెళ్లేసరికి ఎంత రాత్రయినా పొయ్యి మీద కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి ఉంచేది. మాకు పళ్లెం ఇచ్చి, మేం వలుచుకుని తింటుంటే గడప మీద కూర్చుని చూసేది. పెద్ద ఇళ్లలో కేకులు పెట్టారు, బిర్యానీలు పెట్టారు. నాకు గుర్తుండిపోయింది ఆ వేడి కందికాయలే.

క్యారల్స్‌లో వచ్చిన కానుకలే తర్వాత సేవా కార్యక్రమానికి వెళ్తాయి. ఇక్కడ మా తప్పొకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా సమాజం తరఫున చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీలకి రగ్గులు పంచాలనుకున్నాం. బాధ్యత నాది. ఎనభై రగ్గులు కొని, బ్యానర్ పట్టుకుని పొద్దున పదకొండింటికి గుడిసెల దగ్గరికి వెళ్లాం. పని చేసేవాళ్లంతా తోటల్లో ఉన్నారు, ముసలివాళ్లూ పసిపిల్లలే మిగిలారు. వాళ్లని వరసలో నిలబెట్టి ఫొటోలు తీశాం. ఒక అవ్వ రగ్గు తీసుకుని, మడత విప్పకుండానే పక్కన పెట్టి, హిందీలో నెమ్మదిగా అడిగింది: రాత్రి మంచు కురిసి గుడిసె పైనుంచి కారుతుంది, రగ్గు కూడా తడిసిపోతుంది, ప్లాస్టిక్ టార్పాలిన్ ఏమైనా దొరుకుతుందా అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి ఏడు ముందే, సాయంత్రం పూట, వాళ్లు పని నుంచి వచ్చాక నలుగురం ఆడవాళ్లం ఉత్త చేతులతో వెళ్లి కూర్చున్నాం. ఏం కావాలి అని అడిగాం. టార్పాలిన్లు అన్నారు. తర్వాత పిల్లలకి చెప్పులు. చెరకు కొట్టిన తోటలో మోళ్లు కత్తుల్లా ఉంటాయి. ఒక పిల్లాడు అరికాలు చూపించాడు, ఎన్ని గాట్లో. ఒక్కో పిల్లాడి పాదం కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకుని, ఆ కాగితాలు చెప్పుల షాపుకి తీసుకెళ్లాం. అప్పటినుంచి బ్యానర్ లేదు, ఫొటో లేదు. ఖర్చు కూడా ఎక్కువేమీ కాలేదు.

ఆ తర్వాత మెథడిస్ట్ ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ డైరీలో ఒక సంగతి తెలిసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. 1785 జనవరి మొదట్లో, అప్పుడాయనకి 81 ఏళ్లు. ఆ కాలంలో లండన్‌లో సంఘంలోని పేదలకి బొగ్గు, రొట్టె పంచడం వాళ్ల అలవాటు. ఈసారి వీళ్లకి తిండితోపాటు బట్టలు కూడా కావాలి కదా అని ఆయనకి తట్టింది. ఐదు రోజులపాటు వీధులు తిరిగి 200 పౌండ్లు అడుక్కొచ్చారు. చీలమండల దాకా కరిగిన మంచు నీళ్లు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాళ్లు అందులోనే. ఎప్పుడూ పంచేదే పంచి ఊరుకోకుండా వీళ్లకి ఇంకా ఏం కావాలి అని ఆలోచించారు చూడండి, మేం మొదటి ఏడు చేయనిది అదే. కాబట్టి సిస్టర్, మీరు చేయి వేయడం కాదు, ముందుండి నడపండి. మీకు హిందీ బాగా వస్తే ఆ గుడిసెల దగ్గర మీ అవసరం చాలా ఉంటుంది.

24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధన, 25న పెద్ద ఆరాధన ఎలాగూ చూస్తారు, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. 31 రాత్రి వాచ్ నైట్‌కి, అంటే మెలకువగా ఉండి ప్రార్థనతో కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టే ఆరాధనకి మాత్రం తప్పకుండా రండి. ఇది వెస్లీ కాలం నుంచి ఉన్నది. బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీలు అంతకుముందు తాగుడు దుకాణాల్లో గడిపిన రాత్రుల్ని విశ్వాసంలోకి వచ్చాక ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు. వెస్లీ దాన్ని మెచ్చి సంఘాల్లో పెట్టారు. మన దగ్గరా ఆ రాత్రి బయట ఏం జరుగుతుందో మీకు తెలుసు. పద్దెనిమిదేళ్ల కొడుకుని చెయ్యి పట్టుకుని చర్చికి తెచ్చుకునే తల్లుల్ని వెనక బెంచీల్లో చూస్తాను. కొత్త సంవత్సరం రాగానే దేవునితో నిబంధన (ఒప్పందం) మళ్లీ చేసుకునే ప్రార్థన ఉంటుంది. అదీ 1755లో వెస్లీ మొదలుపెట్టిందే. నీకిష్టమైన పనిలో నన్ను పెట్టు అన్న అర్థం వచ్చే మాటలు అందరం కలిసి చదువుతాం. ఎన్నేళ్లు చదివినా ఆ చోట నా గొంతు పూడుకుపోతుంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్‌గారినో, పాస్టరమ్మగారినో కలిసి మీ ఇంటి గుర్తులు చెప్పండి, క్యారల్స్ లిస్టులో రాయించండి. ఏ రాత్రి వస్తారో ముందే అడిగి తెలుసుకోండి. ముప్పై మంది దాకా ఉంటారు, టీకి పెద్ద గిన్నె పెట్టండి, అల్లం దండిగా వేయండి.