'నోట్లో' అనే పాప 'నోరులో' అంటోంది ఎందుకు?

సందేహం: మా పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. మొన్నటిదాకా 'నోట్లో', 'చేతిలో' అని చక్కగా అనేది. ఇప్పుడు 'నోరులో బువ్వ ఉంది', 'చేయిలో పెట్టు', 'ఇల్లులో ఆడుకుందాం' అంటోంది. నేర్చుకున్న భాష మరచిపోతోందా? మా అత్తగారు 'బువ్వ, లాల, బజ్జో' అంటూ మాట్లాడడమే దీనికి కారణమని మావారి వాదన. మరొకటి: మేము నాయనమ్మను 'జేజి' అంటాము. విజయవాడలో మా అక్క దేవుడి పటం చూపించి 'జేజికి దండం పెట్టు' అంటే, పాప వాళ్ల జేజి ఎక్కడుందోనని గది అంతా వెతికింది. ఏది సరైన వాడుక?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

సమాధానం: మరచిపోవడం లేదమ్మా, మీ పాప వ్యాకరణం మొదలుపెట్టింది. మొన్నటిదాకా 'నోట్లో' అన్నది విన్న మాటను విన్నట్టు అప్పజెప్పడం. అందులో 'నోరు' ఉందని గాని, 'లో' ఉందని గాని అప్పుడు తనకు తెలియదు. ఈలోగా గిన్నెలో, సంచిలో, డబ్బాలో, బస్సులో, ఫోనులో అని రోజంతా వింటూ, ఏ మాటకైనా 'లో' చేర్చవచ్చునని తనంతట తానే కనిపెట్టింది. ఆ సూత్రాన్ని నోటికీ చేతికీ ఇంటికీ వర్తింపజేసింది. మీ ఇంట్లో ఎవరైనా 'నోరులో' అంటారా? అనరు కదా. ఎవరూ అనని మాట తాను అన్నదంటే అది విని నేర్చినది కాదు, కట్టుకున్నది. ఇక అత్తగారిని ఎందుకు అనడం?

చిక్కంతా తెలుగులోనే ఉంది. ఊరు, నోరు, పేరు చూడండి. మూడూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. 'లో' చేరేసరికి ఊళ్లో, నోట్లో, పేరులో అని మూడు దారులు పడతాయి. ఇల్లు–ఇంటి, కన్ను–కంటి, రోలు–రోటి, వాకిలి–వాకిటి ఒక జట్టు. చేయి–చేతి, రాయి–రాతి, గొయ్యి–గోతి, నెయ్యి–నేతి మరొకటి. కాలు–కాలి, ఊరు–ఊరి ఇంకొకటి. విభక్తి చేరే ముందు ఇలా ఇ, టి, తి వచ్చే మాటలను చిన్నయసూరి ఔపవిభక్తికాలు అన్నాడు. 1858లో వచ్చిన ఆయన బాలవ్యాకరణం పేరులో బాలలున్నారే గాని, దాన్ని చదవడానికి పెద్దలకే చెమటలు పడతాయి. అలాంటిది మూడేళ్లు నిండని పిల్ల ఒక్కొక్క మాటనూ విడివిడిగా విని, ఏది ఏ జట్టులోదో పోల్చుకోవాలి. కొంత కాలం పట్టదూ? 'కాలుకు గాయం' అని అచ్చులోనే కనిపిస్తున్న రోజులివి. 'కాలికి' అనడం పెద్దలే మరచిపోతుంటే పిల్ల 'చేయిలో' అన్నదని కంగారు పడడం ఏం న్యాయం?

పిల్లలు ఇలా సూత్రాలు కట్టుకుంటారనడానికి మంచి రుజువు ఉంది. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ భాషావేత్త లేని జంతువులకు లేని పేర్లు పెట్టి, బొమ్మలు చూపించి, రెండు ఉంటే ఏమనాలో చెప్పమని పిల్లలను అడిగింది. ఎన్నడూ వినని మాటలకు కూడా వాళ్లు సరైన బహువచనాలు చెప్పారు.

దిద్దాలా అంటే, ఆపి దిద్దవద్దు. 'నోరులో కాదు, నోట్లో అను' అంటే పాప మాట మాని మీ ముఖం చూస్తుంది. 'నోరులో బువ్వ' అన్నప్పుడు 'అవును, నోట్లో బువ్వ ఉంది, నమిలి మింగు' అనండి, చాలు. ఇంట్లో నలుగురూ పిల్ల పలుకును అనుకరించి నవ్వడం మాత్రం మంచిది కాదు. 'కుక్క'ను 'తుత్త' అన్నా, 'ర' పలకలేక 'ల' అన్నా కంగారు వద్దు. ఈ వయసులో అది మామూలే. పట్టించుకోవలసినవి వేరే: రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపకపోవడం, వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం. అప్పుడు ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. మీ పాపకు ఆ దిగులు లేదు, 'ఇల్లులో ఆడుకుందాం' అని నిండు వాక్యమే చెబుతోంది.

ఇక మీవారి ఫిర్యాదు. 'బువ్వ' తప్పు మాట కాదు. పెళ్లిలో వధూవరులు కలిసి తినే భోజనం బువ్వంబంతి. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌను, తన 1852 నిఘంటువులో బువ్వకూ చోటిచ్చాడు. పెదవులతో పలికే బ, మ, వలు పిల్లలకు ముందుగా వస్తాయి. ద్విత్వం ఉన్న రెండక్షరాల మాట వాళ్ల చెవికి ఇట్టే పడుతుంది. బువ్వ, బజ్జ, బొజ్జ అలా వచ్చినవే. అమ్మ, అవ్వ, అబ్బ కూడా అదే అచ్చు. వయసు వస్తే 'బజ్జో' పోయి 'పడుకో' దానంతట అదే వస్తుంది. బజ్జోమంటూ పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవారిని నేనైతే చూడలేదు. మీ అత్తగారు మాట్లాడుతున్నది మంచి తెలుగే, ఆమెను మాట్లాడనివ్వండి.

'జేజి' విషయంలో మీరూ మీ అక్కగారూ ఇద్దరూ ఒప్పే. కోస్తాలో పిల్లల భాషలో జేజి అంటే దేవుడు, మన సీమలో నాయనమ్మ. తాతను 'అబ్బ' అనే ఇళ్లు కూడా మన వైపు ఉన్నాయి. అదే మాట మరో చోట ఆశ్చర్యార్థకం. ఏ ఇంట్లో ఏ మాటకు ఏది అర్థమో పిల్లలు త్వరగానే పసిగడతారు. అంతవరకు విజయవాడలో పటం ముందు 'దేవుడికి దండం పెట్టు' అనమని మీ అక్కగారికి చెప్పండి.